నీలం డబ్బాలో చెత్త నిజంగా పొడిగా ఉండాలంటే

ఆకుపచ్చ డబ్బా తడి చెత్తకి, నీలం డబ్బా పొడి చెత్తకి, ఎర్ర డబ్బా ప్రమాదకరమైనవాటికి. విజయవాడలో, గుంటూరులో ఈ సంగతి తెలియని ఇల్లు దాదాపు ఉండదు. ఇంట్లోనే మూడు రకాలుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం చెత్త బళ్ళకి జెండా ఊపారు, మూడు రంగుల డబ్బాలూ ఇళ్ళకి వచ్చాయి. అయినా ఏ వీధిలోనైనా ఒక నీలం డబ్బా మూత తీసి చూడండి. పెరుగు కప్పులోంచి కారిన నీళ్ళు అడుగున, ఆ నీళ్ళలో నానిన అట్టముక్క, పైన సాంబారు కవరు. పేరుకే అది పొడి చెత్త.

విడదీయడం మనకి వచ్చేసింది. విడదీసినదాన్ని పొడిగా, జిడ్డు లేకుండా ఉంచడం ఇంకా అలవాటు కాలేదు. మళ్ళీ వాడుకలోకి వెళ్ళే సామానుకి అసలు ప్రాణం అక్కడే ఉంది.

కాగితం సంగతే తీసుకోండి. అది సన్నటి నారతో తయారవుతుంది. నూనె పీల్చుకున్న నార, బూజు పట్టిన నార మళ్ళీ కాగితం కావడానికి పనికిరాదు. ఒక్క సాంబారు కవరు చిరిగితే కింద ఉన్న వారం రోజుల పేపర్లు పోయినట్టే. ప్లాస్టిక్‌ని కడిగితే బాగుపడుతుంది నిజమే, కానీ ఆ కడిగే పని ఎవరో ఒకరు చేయాలి. మన వంటింట్లో అర నిమిషం పట్టే పనిని, రెండు మూడు రోజులు కుళ్ళి పురుగులు పట్టాక ఒక పారిశుధ్య కార్మికురాలు చేత్తో చేయాల్సి వస్తుంది. ఆమె చేయలేకపోతే ఆ ప్లాస్టిక్ నేరుగా చెత్త గుట్టలోకి వెళ్తుంది.

చివరికి కాల్చేదే కదా అనుకున్నా అక్కడ కూడా తడి చెడ్డదే. గుంటూరు, విజయవాడ, చుట్టుపక్కల ఊళ్ళ చెత్త నుంచి కరెంటు తీయడానికి కొండవీడు దగ్గర పెట్టిన 15 మెగావాట్ల ప్లాంటు 2022లో ప్రారంభమైంది. చెత్తలో నీరు ఎంత ఎక్కువుంటే, మంట వేడిలో అంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. కాబట్టి మీ చెత్త పాత సామాన్ల కొట్టుకి వెళ్ళినా, కొలిమికి వెళ్ళినా, పొడిగా వెళ్ళడమే దాని విలువ.

ముందు చోట్లు ఏర్పాటు చేసుకోండి

తడి చెత్త డబ్బా సింకు దగ్గర ఉండాలి, దానికి మూత ఉండాలి. పొడి చెత్త డబ్బాని మాత్రం సింకు దగ్గర పెట్టకండి. పక్కపక్కనే ఉంటే చేతికి ఏది దగ్గరుంటే అందులో వేసేస్తాం, నీళ్ళు కూడా చిందుతాయి. బాల్కనీలోనో, పెరటి వరండాలోనో, మెట్ల కిందో పెట్టండి. ఇచ్చిన నీలం డబ్బా చిన్నదైతే ఖాళీ అయిన 25 కిలోల బియ్యం సంచి ఒకటి గోడకి మేకు కొట్టి తగిలించండి, ఓ వారం సామాను పడుతుంది. పాత సామాన్ల బండికి అమ్మేవాటికి రెండో సంచి. బండివాళ్ళు కొనేది వేరు, కొననిది వేరు. రెండూ కలిపేస్తే ఆ రోజు వీధిలో నిలబడి ఏరాల్సి వస్తుంది.

ఇక చాలా ఇళ్ళలో లేనిది, ఆరబెట్టే చోటు. దండెం మీద నాలుగు క్లిప్పులు చాలు. కడిగిన కవర్లు తగిలిస్తే మన ఎండకి కాసేపట్లో ఆరిపోతాయి. వానాకాలంలో కిటికీ చువ్వలకి క్లిప్పు పెట్టి ఫ్యాను గాలి తగిలేలా చూడండి. కడిగి తడితోనే సంచిలో వేస్తే కడిగిన శ్రమంతా వృథా.

ఎర్రదానికి గట్టి మూత ఉన్న డబ్బా, పిల్లలకి అందని ఎత్తులో.

కడిగే పద్ధతి

మంచినీళ్ళు ఖర్చు చేయనక్కర్లేదు, సబ్బు కూడా అక్కర్లేదు. అంట్లు తోమడం అయ్యాక మిగిలే చివరి నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు దీనికి సరిపోతాయి. మళ్ళీ అందులో అన్నం తినబోవడం లేదు కదా, మెరిసేలా తోమవద్దు. తిండి ముక్కలు, పులిసిన వాసన, జిడ్డు పోతే చాలు. చీమలు పట్టకుండా ఉన్నాయంటే మీరు సరిగ్గా కడిగినట్టే.

రోజూ మన ఇళ్ళలో ఎక్కువగా పోగయ్యేవి పాల ప్యాకెట్లు. సంగం అయినా, విజయ అయినా, ఇంకేదైనా ఆ కవరు మంచి రకం ప్లాస్టిక్, మళ్ళీ కరిగించి వాడతారు. కత్తిరించేటప్పుడు మూల ముక్కని పూర్తిగా తెంపేయకండి. కొద్దిగా అతుక్కుని ఉండేలా ఒక పక్క మాత్రమే కోయండి. గోరంత ముక్కలు విడిగా పడితే వాటిని ఏరేవాళ్ళు ఉండరు, అవి తూములోకి, కాలవలోకి వెళ్ళిపోతాయి. రోజుకి రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి ఏడు వందల ముప్పై ముక్కలు. ఒక్క వీధిలో ఎన్ని ఇళ్ళు ఉంటాయో లెక్కేసుకోండి. పాలు గిన్నెలో పోశాక అదే కవరులో కాసిని నీళ్ళు పోసి కదిలించి, ఆ నీళ్ళు మొక్కకి పోయండి. తర్వాత కవరుని మొత్తం కోసి తెరిచి దండెం మీద వేయండి. పెరుగు ప్యాకెట్లకీ, ఇడ్లీ పిండి కవర్లకీ ఇదే పద్ధతి, కాకపోతే పిండి కవరు ఎండకముందే కడగాలి. ఎండిందంటే గట్టిగా పట్టేస్తుంది.

నూనె ప్యాకెట్టుకి నీళ్ళు పనిచేయవు. పైభాగం కోసి, నూనె డబ్బా మీద తలకిందులుగా నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి ఇంకో చెంచాడు నూనె దిగుతుంది. తర్వాత కవరు తెరిచి లోపల పాత పేపరుతో తుడవండి. ఆ పేపరు ఇక కాగితం లెక్కలోకి రాదు, తడి చెత్తలో వేసేయండి.

పచ్చడి డబ్బాలు మన ప్రాంతంలో ప్రత్యేకమైన సమస్య. ఆవకాయ, గోంగూర, పండుమిరప, ఏదైనా సరే డబ్బా అడుగున కారం, నూనె కలిసి ముద్దలా ఉంటుంది. ముందు ఆ ముద్దని చెంచాతో తీసేయండి, వేడన్నం వేసి కలుపుకుంటే ఇంకా మంచిది, డబ్బా కూడా సగం శుభ్రమవుతుంది. ఆ తర్వాత పేపరుతో తుడిచి, కాస్త శనగపిండి చల్లి రుద్ది, గోరువెచ్చటి నీళ్ళతో కడగండి. సీసా అయితే ఇంట్లోనే మళ్ళీ వాడుకోవచ్చు. ప్లాస్టిక్ డబ్బాకి ఎర్ర మరక ఉండిపోయినా ఫర్వాలేదు. మరక అభ్యంతరం కాదు, జిడ్డే అభ్యంతరం.

బిర్యానీ పార్సిల్ వచ్చిన గట్టి డబ్బాలు, మూతలు కడిగి ఇవ్వొచ్చు. అల్యూమినియం రేకు డబ్బాలు కూడా అంతే. రొట్టెలు చుట్టే రేకు పలచగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్కగా వేయకండి; తుడిచి దాచుతూ, పిడికిలంత ఉండ అయ్యాక ఇవ్వండి. లోపల మెరిసే పొర ఉన్న కూర కవర్లు మాత్రం కడిగినా ఎవరూ కొనరు. కాగితం, ప్లాస్టిక్ పొరలు అతికించినవి వేరుచేయడం కష్టం. అయినా కడిగి పొడి చెత్తలోనే వేయాలి, లేకపోతే మిగతావాటిని పాడుచేస్తాయి.

కాగితం, అట్ట

కాగితాన్ని కడగలేం కాబట్టి దాన్ని తడి నుంచి కాపాడటం ఒక్కటే పని. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల తర్వాత సింగ్‌నగర్ వైపు వీధుల్లో నానిపోయిన పుస్తకాలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒక్కసారి బురద నీళ్ళు తాగిన పుస్తకం ఎందుకూ పనికిరాలేదు. మన ఇంట్లో అంత విపత్తు అక్కర్లేదు, బాత్రూమ్ పక్కన నేల మీద పెట్టిన కట్ట కింద చెమ్మ ఎక్కినా జరిగేది అదే. పేపర్ల కట్టని నేల మీద పెట్టకండి, చెక్క మీదో స్టూలు మీదో పెట్టండి.

న్యూస్ పేపర్లు ఒక కట్ట, పిల్లల నోటు పుస్తకాలు, తెల్ల కాగితాలు ఒక కట్ట, అట్టలు ఒక కట్ట. ధరలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి కలిపి ఇస్తే తక్కువ ధర ఉన్నదాని లెక్కే మొత్తానికి కడతారు. పురికొసతో కట్టండి, ప్లాస్టిక్ తాడు వద్దు. నోటు పుస్తకాలకి ఉన్న ప్లాస్టిక్ అట్టలు, స్పైరల్ తీగలు తీసేయండి. స్టేప్లర్ పిన్నుల గురించి టెన్షన్ పడకండి, కాగితం మిల్లుల్లో అవి వేరుపడతాయి.

ఆన్‌లైన్‌లో వచ్చిన పెట్టెలకి టేపు పీకేసి, అడుగు విప్పి చదునుగా చేయండి. పైన అంటించిన చీటీ మీద మీ పేరు, ఫోన్ నంబరు, ఇంటి నంబరు ఉంటాయి. దాన్ని చించేయండి లేదా పెన్నుతో పూర్తిగా కొట్టేయండి. బ్యాంకు కాగితాలు, ఆధార్ జిరాక్సులు కట్టలో వేయకండి, చించి తడి చెత్తలో కలిపేయండి.

కాగితంలా కనిపించినా కాగితం కట్టలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి: టీ కప్పులు, పూత ఉన్న విస్తళ్ళు, షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లులు, పిజ్జా పెట్టెలో నూనె పట్టిన అడుగు భాగం. పిజ్జా పెట్టె మూత శుభ్రంగా ఉంటే చించి ఆ సగం ఇవ్వొచ్చు. జ్యూసులు వచ్చే పొరల డబ్బాలో ముప్పాతిక భాగం దాకా కాగితమే అయినా లోపల ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఉంటాయి. కడిగి చదును చేసి పొడి చెత్తలో విడిగా వేయండి.

గట్టి ప్లాస్టిక్, పలచని ప్లాస్టిక్

నీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది. షాంపూ డబ్బాలు, ఫినాయిల్ డబ్బాలు సాధారణంగా 2, బిర్యానీ డబ్బాలు, చాలా మూతలు 5. ఈ మూడింటికీ గిరాకీ ఉంది. 3 అంటే పీవీసీ, 6 అంటే థర్మోకోల్ జాతి. వీటిని కొనేవాళ్ళు తక్కువ.

నీళ్ళ సీసాలో మిగిలిన నీళ్ళు పారబోసి, మూత తీసి, కాలితో తొక్కి చదును చేయండి. సంచిలో చోటు కలిసొస్తుంది. ఎవరో ఖాళీ సీసాలో మళ్ళీ నీళ్ళు నింపి బస్టాండు దగ్గర అమ్మే అవకాశమూ పోతుంది. మూతలని ఒక డబ్బాలో పోగుచేయండి. సీసాది ఒక రకం ప్లాస్టిక్, మూతది మరో రకం. ముక్కలు చేసి నీళ్ళలో వేస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. ఫ్యాక్టరీల్లో వాటిని విడదీసేది అలాగే.

విరిగిన బకెట్లు, కుర్చీలు, బిందెలు, చెంబులు పాత సామాన్ల బండివాళ్ళే తీసుకుంటారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, బిస్కెట్ కవర్లు వాళ్ళు తీసుకోరు. అవి దులిపి, ఒక పెద్ద కవరులో కుక్కి, మూతి కట్టి మునిసిపాలిటీ బండికి పొడి చెత్తగా ఇవ్వండి. విడివిడిగా వేస్తే గాలికి ఎగిరి బందరు కాలవలో, ఏలూరు కాలవలో, రైవస్ కాలవలో తేలుతాయి. థర్మోకోల్‌ని చిదమకండి, పూసలు పూసలుగా రాలితే ఏరడం ఎవరి తరమూ కాదు.

ఇనుము, గాజు

ఇనుమేనా కాదా తెలియకపోతే ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుము. స్టీలు గిన్నెలు మాత్రం కొన్ని అతుక్కోవు. రాగి, ఇత్తడి, అల్యూమినియం ఇనుముతో కలిపి తూకం వేయనివ్వకండి, వాటి ధర చాలా ఎక్కువ. పాత కరెంటు వైర్లని రాగి కోసం కాల్చకండి, ఆ తొడుగు పొగ విషం. అలాగే అమ్మేయండి.

సీసాలు కడిగి పగలకుండా ఇవ్వండి. పగిలిన గాజుని నాలుగు పొరల పేపరులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన ‘గాజు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. రాసి ఊరుకోకుండా బండి దగ్గర నోటితో కూడా చెప్పండి: ‘అన్నా, ఇందులో గాజు పెంకులున్నాయి.’

ఎర్ర డబ్బా

ఈ డబ్బాని చాలామంది ఖాళీగా ఉంచుతారు, లేదా కూరగాయలు పోసుకుంటారు. మన చెత్తని తాకే మనుషుల ప్రాణానికి సంబంధించిన డబ్బా ఇది.

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపరులో గట్టిగా చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీయండి. నల్ల కవరు కన్నా ఇదే మేలు, విప్పకుండానే లోపల ఏముందో తెలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే సూదులు వాడిన వెంటనే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి, ముప్పాతిక నిండాక మూత మీద టేపు చుట్టి ఇవ్వండి. కవరులో వేసిన సూది బండి మీద చెత్త విడదీసేవాళ్ళ అరచేతిలో దిగుతుంది.

గడువు తీరిన మాత్రలని కాలవలో, టాయిలెట్‌లో వేయకండి. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులలో పాదరసం ఉంటుంది, పాత గాజు థర్మామీటర్లలో కూడా. పగలకుండా, కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి ఇవ్వండి. పెయింటు డబ్బాలు, దోమల మందు, బొద్దింకల మందు డబ్బాలు కూడా ఎర్రదానిలోకే.

బ్యాటరీలు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి. ఫోన్, పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్లలో లిథియం బ్యాటరీ ఉంటుంది. చెత్త బండిలో నలిగితే లోపల మంట పుడుతుంది, అట్టలు, కాగితాల మధ్య అది బండిని తగలబెట్టేస్తుంది. అందుకని వీటిని పొడి చెత్తలో ఎప్పుడూ వేయకండి. రెండు కొసలకీ టేపు అంటించి, విడిగా దాచి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకి ఇవ్వండి. కొత్తది కొనేచోట పాతది తీసుకుంటారేమో అడగండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకండి, నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి తొందరగా ఇచ్చేయండి. పాత ఫోన్ ఇచ్చేముందు సిమ్, మెమరీ కార్డు తీసి, ఫొటోలు దాచుకుని, మొత్తం రీసెట్ చేయండి.

తడి చెత్త

దీని గురించి రెండే మాటలు. తడి చెత్తని ప్లాస్టిక్ కవరులో ముడి వేసి ఇవ్వకండి, డబ్బా అడుగున పేపరు పరిచి నేరుగా వేయండి. ఆదివారం చేపల పొలుసు, ఎముకలు పేపరులో చుట్టి వేస్తే వాసన తగ్గుతుంది. పూజ పూలల్లో దండ దారం, మెరుపు కాగితం తీసేశాకే వేయండి.

బండి వచ్చినప్పుడు

మునిసిపాలిటీ బండి దగ్గర డబ్బాలు విడివిడిగా అందించండి. విడదీసి ఇస్తే బండిలో కలిపేస్తున్నారన్న ఫిర్యాదు వింటుంటాం. అలా జరిగితే అక్కడున్న కార్మికుల మీద అరవకండి, వాళ్ళకి ఇచ్చిన బండిలో గదులు ఉన్నాయో లేదో వాళ్ళ చేతిలో లేదు. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చెప్పండి, వీధిలో నలుగురు కలిసి చెప్పండి. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పది లక్షలు దాటిన నగరాల్లో విజయవాడకి మూడో స్థానం వచ్చిందంటే ఆ కార్మికుల చేతులే కారణం.

పాత సామాన్ల బండివాళ్ళకి అమ్మేముందు ఇంట్లో ఒకసారి తూకం వేసుకుంటే బేరం గొడవ ఉండదు. అపార్ట్‌మెంటులో అయితే సెల్లార్లో మూడు డ్రమ్ములు పెట్టించి, అమ్మే సామాను వాచ్‌మన్ కుటుంబానికి వదిలేయండి. వాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి, ఏది ఎక్కడ వేయాలో అందరికన్నా శ్రద్ధగా వాళ్ళే చూస్తారు.

సంక్రాంతికి ముందు

ఏడాదిలో అటక దులిపేది అప్పుడే. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఫోము పరుపు, పాత టైరు, వార్నిష్ పట్టిన బల్ల ముక్కలు, అన్నీ భోగి మంటలో పడేసే అలవాటు వీధివీధికీ ఉంది. ఆ పొగ పక్కన నిలబడేది మన పిల్లలే, పొద్దున మంచులో అది పైకి పోకుండా వీధిలోనే ఆగిపోతుంది. మంటకి పిడకలు, ఎండు కొమ్మలు, రంగు వేయని చెక్క సరిపోతాయి. మిగిలినవాటిలో ప్లాస్టిక్, ఇనుము వేరుచేసి భోగికి నాలుగు రోజుల ముందే పాత సామాన్ల బండిని పిలవండి. పండగ దగ్గరపడితే వాళ్ళూ ఊళ్ళకి వెళ్ళిపోతారు. కట్టుకోగలిగిన బట్టలు ఉతికి, మడతపెట్టి ఎవరికైనా ఇవ్వండి. చిరిగినవి పొడి చెత్తలో విడిగా మూట కట్టండి. పరుపులాంటి పెద్ద సామాను రోజూ వచ్చే బండిలో పట్టదు, కాబట్టి రోడ్డు పక్కన పడేయకుండా ముందే సచివాలయంలో చెప్పి, ఏ రోజు వస్తారో కనుక్కుని ఆ పొద్దున మాత్రమే కిందకి దించండి.